కోసిన మూల

పోయిన వారం గొట్టాలమ్మ పెద్ద డాక్టరమ్మ గది బయట నిలబడి ఉంది. తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తింది గానీ తట్టలేదు. అక్కడే ఆపాం.

ఎందుకు వచ్చిందో మరచిపోయినవాళ్ళ కోసం ఒక్క మాట. ఆ భవనం క్షయ ఆస్పత్రికి పరీక్షలు చేసిపెట్టే ప్రయోగశాల. రోగుల కఫంలోని క్రిమిని యంత్రం చదువుతుంది. చదివింది కోట్ల ముక్కలుగా కంప్యూటర్లలో పోస్తుంది. ఆ ముక్కల్ని కడిగి, వేరు చేసి, అసలు క్రిమితో పోల్చి, ఎవరికి ఏ మందు పని చేస్తుందో చివరికి ఒక్క పేజీలో తేల్చాలి. ఒక మెట్టులో తేలింది తర్వాతి మెట్టుకి దానంతటదే వెళ్ళిపోయేలా కట్టిన ఆ వరసని పైప్‌లైన్ అంటారు. దాన్ని నడిపేది ఈమె. అందుకే కంప్యూటర్ సెంటర్ బాబాయి ఆమెకి గొట్టాలమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆమె తమ్ముడు అదే ఆస్పత్రిలో ఉన్నాడు. అతనికి ఏ మాత్రా పని చేయదని పద్దెనిమిది రోజుల క్రితం రిపోర్టు వచ్చింది. కాబట్టి రేపు పొద్దున తొమ్మిదింటికి ఊపిరితిత్తిలో చెడిన ముక్కని కోసి తీసెయ్యాలని నిర్ణయించారు. కానీ ఆ పనిచేయని మాత్రలే మింగుతూ అతను నెలలో నాలుగు కిలోలు పెరిగాడు. దగ్గు తగ్గింది. పక్క మంచాల వాళ్ళ అన్నం కూడా తనే తింటున్నాడని నర్సులు నవ్వుతున్నారు. గొట్టాలమ్మ అతని నమూనా ఉన్న ట్రే లెక్కల్ని మూడుసార్లు మళ్ళీ నడిపింది. మూడుసార్లూ అదే జవాబు. మెట్టు మెట్టుకీ పచ్చ గుర్తు. నాలుగోసారి నడిపితే వేరే ఉద్యోగం వెతుక్కోమని పెద్ద డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు తలుపు తట్టింది.

"రా," అంది లోపలి నుంచి గొంతు.

గదిలో డాక్టరమ్మ ఒక్కతే లేదు. వదిన కూడా ఉంది. సంతకాల కోసం వచ్చినట్టుంది, ఫైళ్ళు గుండెకి ఆనించుకుని నిలబడింది. ఆమె ఎవరికీ సొంత వదిన కాదు, ప్రయోగశాల అంతటికీ వదినే. ఇరవై రెండేళ్ళుగా రోగుల నమూనాలతో ట్రేలు నింపుతోంది. సీసాలు కడిగే పనికి వచ్చిన గొట్టాలమ్మని చదువుకో, నేర్చుకో అని వెంటపడి కంప్యూటర్ ముందు కుర్చీ దాకా తోసింది కూడా ఆమే. ఆమె లేనప్పుడు చెబుదామని గొట్టాలమ్మ పొద్దుటి నుంచీ వేళ కోసం చూసింది. కుదరలేదు.

"మళ్ళీ తమ్ముడి సంగతేనా?" అంది డాక్టరమ్మ.

"కాదండీ. నీళ్ళ సంగతి."

"ఏం, కొళాయి రావడం లేదా?" అంది వదిన. గొట్టాలమ్మ నవ్వలేదు. వదిన నవ్వు కూడా సగంలోనే ఆగింది.

గొట్టాలమ్మ రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. ఒక్కో ట్రేలో ఎనిమిది వరసలు, వరసకి పన్నెండు గుంటలు. తొంభై ఐదు గుంటల్లో తొంభై ఐదుమంది రోగులు. చిట్టచివరి గుంటలో మాత్రం ఉట్టి నీళ్ళు పోస్తారు. ఆ నీళ్ళలో ఏమీ కనబడకూడదు. కనబడితే ఎక్కడో ఏదో కలిసిందని అర్థం.

"ఇది నీళ్ళ పేజీ అండీ. చూడండి, నిండా క్రిమే. ఇది మొదటి గుంటలో ఉన్న రోగి పేజీ. ఇందులో ఏమీ లేదు. ఉట్టి నీళ్ళు ఎలా ఉండాలో అలా ఉంది."

"చిందితే అలా అవుతుంది," అంది డాక్టరమ్మ.

"ఒక ట్రేలో అయితే చిందిందనుకుందును. పద్దెనిమిది రోజుల్లో ఏడు ట్రేలు వచ్చాయి. ఏడింట్లోనూ చివరి గుంట నిండుగా ఉంది, మొదటి గుంట ఖాళీగా ఉంది. ఏడుసార్లూ ఒకే చోట చిందుతుందా అండీ?"

డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాల మీదికి వంగింది.

"అయితే ఏమంటావు?"

గొట్టాలమ్మ వదిన వైపు చూడకుండా చెప్పింది. "ట్రేలు తిరగబడ్డాయండీ. చివరిది మొదటికీ, మొదటిది చివరికీ వచ్చింది. మధ్యలో వాళ్ళందరూ అంతే. ఒకరి జవాబు ఇంకొకరి పేరు మీద పడింది."

ఫైళ్ళు బల్ల మీద దబ్బున పడ్డాయి.

"ఏమన్నావు? నేను తిరగేసి పెట్టానంటావా?"

"వదినా, నేను..."

"ఇరవై రెండేళ్ళమ్మాయ్! నీకు గుంటకీ గుంతకీ తేడా తెలియని రోజుల నుంచి నింపుతున్నా. జ్వరమొచ్చినా నింపా. మా ఆయన పోయిన పదకొండో రోజు వచ్చి కూడా నింపా. ఒక్క చుక్క పక్కకి పోయిందని ఎవరితోనైనా అనిపించు, చూస్తా. తమ్ముడి మీద ప్రేమ ఉండొచ్చు, కాదనను. దాని కోసం నా చేతులు నరుకుతావా?"

"తమ్ముడి పేజీ నేను తేలేదు వదినా. తెచ్చినవి నీళ్ళ పేజీలే."

"తేవక్కర్లేదు, నీ మొహం మీదే ఉంది."

డాక్టరమ్మ చెయ్యి ఎత్తింది గానీ వదిన ఆగే స్థితిలో లేదు. ఒక అడుగు ముందుకేసింది. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్నకి గొట్టాలమ్మ సిద్ధంగా లేదు.

"సరే. నీళ్ళలో క్రిమి కనబడిందన్నావు కదా. కనబడితే నీ గొట్టం ఆగిపోవాలి కదా? ఎర్ర గుర్తు పడాలి కదా? నాకు చదువు తక్కువైనా ఆ మాత్రం తెలుసు, నువ్వే గొప్పగా చెప్పావు. మరి ఏడుసార్లు ఎందుకాగలేదు?"

ఈ మాట చెప్పాలని గొట్టాలమ్మకీ తెలుసు. చివరలో, మెల్లగా చెబుదామనుకుంది. ఇప్పుడు బల్ల మీదికి వచ్చేసింది.

"నేనే ఆపించలేదు."

"అంటే?" అంది డాక్టరమ్మ.

"రెండు నెలల క్రితం ఒక ట్రేలో నిజంగానే ఒక చుక్క చిందిందండీ. నీళ్ళలో రవ్వంత కనబడి మొత్తం ఆగిపోయింది. కంప్యూటర్ సెంటర్లో మళ్ళీ మన వంతు రావడానికి రెండు రోజులు పట్టింది. తొంభై ఐదుమంది జవాబులు అక్కడే ఇరుక్కుపోయాయి. వార్డు నుంచి గంటకోసారి ఫోను. అందుకని ఆ మెట్టు దగ్గర ఒక్క లైను మార్చాను. నీళ్ళలో ఏదైనా కనబడితే ఆగిపో అని ఉండేది. రాసిపెట్టుకుని ముందుకి పో అని పెట్టాను. తర్వాత మళ్ళీ మారుద్దామనుకున్నాను."

"మార్చలేదు."

"మార్చలేదండీ. రాసిపెట్టిన ఆ కాగితాలు ఇవాళ పొద్దుటి దాకా తెరవనూ లేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అంటే మూడు వారాలుగా అది అరుస్తూనే ఉంది."

"అరుస్తూనే ఉందండీ. నోరు నొక్కింది నేనే."

తిట్లు పడతాయని గొట్టాలమ్మ తల వంచుకుంది. ఉద్యోగం పోతుందని కూడా అనుకుంది. పోతే పోనీ, రేపు తొమ్మిదిలోగా ఎవరో ఒకరు నమ్మితే చాలు. కానీ ముందు కదిలింది వదిన. ఆమె కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. తన తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకా తిట్టడం ఆమె వల్ల కాదు.

"పదండి," అంది. "నేను ఎలా నింపుతానో మీ కళ్ళతో చూడండి. తప్పు నాదైతే నేనే చెబుతా, ఎవరూ చెప్పక్కర్లేదు."

ట్రేల గది చిన్నది. తెల్లటి బల్ల, దాని మీద ట్రేని కదలకుండా పట్టి ఉంచే ఇనుప చట్రం, గోడకి చేతి తొడుగుల డబ్బా. వదిన తొడుగులు వేసుకుంది. కవరు చింపి కొత్త ట్రే ఒకటి తీసింది. చూడకుండానే వేలితో నాలుగు మూలలూ తడిమింది. ఒక మూల మిగతా మూడింటిలా ఉండదు, కత్తిరించినట్టు ఏటవాలుగా ఉంటుంది. ఆ మూల ఎడమచేతి పక్కకి, పైకి వచ్చేలా తిప్పి చట్రంలో దించింది.

"ఇదిగో. కోసిన మూల ఎడమ చేతికి. అక్కడి నుంచి మొదటి గుంట. ఇరవై రెండేళ్ళుగా ఇంతే. చీకట్లో ఇచ్చినా ఇంతే. ఇందులో తిరగబడడానికి ఏముంది?"

డాక్టరమ్మ వంగి చూసింది. అంతా సరిగానే ఉంది. వదిన గొట్టాలమ్మ వైపు గడ్డం ఎగరేసింది.

గొట్టాలమ్మకి ఒక్క క్షణం తనే పొరబడ్డానేమో అనిపించింది. మరి ఏడు ట్రేల నీళ్ళు? వదిన చెయ్యి మారలేదు. వదిన అలవాటు మారలేదు. అయితే ఏది మారింది?

"వదినా, ఈ ట్రేలు ఎప్పుడొచ్చాయి?"

"ఇవా? పాతవాళ్ళు దుకాణం మూసేశారటగా. ఇవి వేరే కంపెనీవి. మూడు వారాలు కాలేదింకా."

"పాతది ఒక్కటైనా ఉందా?"

"ఎక్కడుంటుంది, వాడగానే కాల్చేస్తారు. ఆగాగు." వదిన కిటికీ దగ్గరికి వెళ్ళింది. గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు, ఊడిపోయిన గుండీలు గుంటకొకటి సర్దుకున్న ట్రే ఒకటి అక్కడుంది. వాడనిదాన్ని ఎప్పుడో దాచుకుంది. "ఇది పనికొస్తుందా? ఇందులో క్రిములు లేవు గానీ మీ అందరి గుండీలూ ఉన్నాయి."

గుండీలన్నీ బల్ల మీదికి ఒంపేశారు. గొట్టాలమ్మ రెండు ట్రేలనీ పక్కపక్కన పెట్టింది. ఒక్కోదానికి పక్క గోడ మీద చారల స్టిక్కరు ఒకటి ఉంటుంది. చదివే యంత్రం ఆ స్టిక్కరుని చూసే ట్రేని లోపలికి తీసుకుంటుంది. చట్రంలో కూర్చున్నాక ఆ స్టిక్కరు మనిషి కంటికి కనబడదు. రెండు ట్రేల స్టిక్కర్లూ ఒకే వైపు ఉండేలా ఆమె సర్దింది.



పాతదానిలో కోసిన మూల మొదటి గుంట పక్కన ఉంది. కొత్తదానిలో సరిగ్గా దానికి ఎదురుమూలన, చివరి గుంట పక్కన ఉంది.

వదిన తొడుగు తీసేసి వట్టి వేలితో ఆ మూల తడిమింది. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని. "యంత్రమేమో స్టిక్కరుని చూసింది," అంది నెమ్మదిగా. "నా చెయ్యేమో మూలని చూసింది."

"మీ తప్పు కాదు," అంది డాక్టరమ్మ.

"చెయ్యి తప్పు కాదండీ. కళ్ళు ఏం చేస్తున్నట్టు?" వదిన గొట్టాలమ్మ భుజం మీద గట్టిగానే ఒక్కటి వేసింది. "నువ్వు నోరు నొక్కావు, నేను కళ్ళు మూసుకున్నాను. బాగుంది మన ఇద్దరి సంసారం. కూర్చో, ముందు ఆ పిల్లాడి సంగతి చూడు."

ముప్పై నాలుగేళ్ళ తమ్ముణ్ణి పిల్లాడనేసరికి గొట్టాలమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరమ్మ అప్పటికే ఫోనులో ఉంది. "రేపటి ఆపరేషన్లు ఆపండి. మా రిపోర్టుల మీద పెట్టినవన్నీ. అవును, అన్నీ. కారణం రాతపూర్వకంగా పంపిస్తాను, తప్పు మాదే అని కూడా రాస్తాను. లేదు, ఎవరికీ ఇంకా ఏమీ చెప్పకండి, మందులు మార్చకండి. సాయంత్రంలోగా చెబుతాను." ఫోను పెట్టేసి గొట్టాలమ్మ వైపు తిరిగింది. "నాకు ఊహ చాలదు. రుజువు కావాలి. ఎంతసేపు?"

"మొత్తం నడపక్కర్లేదండీ. క్రిమిని చదవడం, పోల్చడం అంతా సరిగానే జరిగింది. ఎవరిది ఏ గుంట అన్న పట్టీ ఒక్కటే తలకిందులైంది. దాన్ని కింది నుంచి పైకి తిప్పి, చివరి రెండు మెట్లూ నడిపితే చాలు. ఒక గంట. కాకపోతే మన వంతు రావాలి."

కంప్యూటర్ సెంటర్ బాబాయికి ఫోను చేసింది. వాతావరణం లెక్కలు, భూకంపాల లెక్కలు, ఎక్కడెక్కడి పనులో ఆ పెద్ద కంప్యూటర్ల ముందు క్యూ కడతాయి. ఎవరి తర్వాత ఎవరో చూసేది ఆయనే.

"గొట్టాలమ్మా! ఈసారేంటి, గొట్టం పగిలిందా, పూడిందా?"

"తిరగబడింది బాబాయ్. నన్ను ముందుకి తోయాలి. ఏడు ట్రేలు, చిన్న పనే."

"అందరూ చిన్న పనే అంటారమ్మా. ముందు తుఫాను వాళ్ళున్నారు."

"తుఫాను ఎప్పుడొస్తుందట?"

"వచ్చే నెల."

"మాకు రేపు పొద్దునే బాబాయ్."

అటువైపు కీబోర్డు చప్పుడు. "పంపించు. తుఫానుతో నేను మాట్లాడుకుంటాలే."

పంపించే ముందు గొట్టాలమ్మ ఒక పని చేసింది. తను మార్చిన లైను దగ్గరికి వెళ్ళి, ముందుకి పో అన్నది తీసేసి, ఆగిపో అన్నది మళ్ళీ రాసింది. మొదట పాత పట్టీతోనే నడిపింది. నీళ్ళ మెట్టు దగ్గర ఎర్ర గుర్తు పడి ఆగిపోయింది. ఏడు ట్రేలూ ఆగిపోయాయి. వెనక నిలబడ్డ వదిన "అరిచింది" అంది. నిజంగా చప్పుడేదో విన్నట్టే అంది.

ఇప్పుడు పట్టీని తిరగేసింది. మొదటి పేరు చివరికి, చివరి గుంట మొదటికి. మళ్ళీ పంపించింది.

ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. డాక్టరమ్మ పక్కనున్న కుర్చీ లాక్కుంది. వదిన ఒంపేసిన గుండీలు మళ్ళీ గుంటల్లో సర్దుతోంది, ఈసారి ఒక్కోదాన్నీ చూసి చూసి. మొదటి ట్రే నీళ్ళ మెట్టు దాకా వచ్చింది. ఒక్క ఊపిరి పట్టినంతసేపు ఏమీ పడలేదు. తర్వాత పచ్చ గుర్తు పడింది. నీళ్ళలో ఏమీ లేదు. రెండో ట్రే. మూడోది. ఏడో ట్రే పచ్చబడేసరికి వదిన చేతిలో గుండీ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆ తెర మీద పచ్చ గుర్తులు ఎన్ని చూసిందో గొట్టాలమ్మకి లెక్కలేదు. నమ్మదగ్గ పచ్చ గుర్తు ఇదే మొదటిసారి అనిపించింది.

"నువ్వు లే," అంది డాక్టరమ్మ. "నీ తమ్ముడి పేజీ నువ్వు చూడకూడదు. నేను చూస్తాను."

గొట్టాలమ్మ లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. మౌసు చప్పుడు వినబడుతోంది. డాక్టరమ్మ నిదానంగా చదివే మనిషి. ఒకసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇరవై ఎనిమిదో గుంట. మామూలు మాత్రలు పని చేస్తాయి. అన్నీ పని చేస్తాయి." "ఊపిరితిత్తి కోయక్కర్లేదమ్మా."

గొట్టాలమ్మ గోడకి నుదురు ఆనించింది. వదిన వెనక నుంచి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంది.

ఫోను తీసి తమ్ముడికి చెప్పాలని వేళ్ళు అటే పోయాయి. నంబరు మీద వేలు పెట్టింది. అప్పుడు వెలిగింది బుర్రలో. తల తిప్పి చూస్తే డాక్టరమ్మ మొహంలో కూడా అదే ఉంది.

"ఏ మాత్రా పని చేయదన్న రిపోర్టు," అంది గొట్టాలమ్మ. "అది మా వాడిది కాకపోతే మరి ఎవరిదండీ?"

"అరవై తొమ్మిదో గుంట." డాక్టరమ్మ తెర వైపే చూస్తోంది. "మామూలు మాత్రలు చాలని చెప్పాం ఆవిడకి. నీ తమ్ముడి జవాబు ఆవిడ మీద పడింది." వార్డుకి ఫోను కలిపింది. స్పీకరు మీద పెట్టింది.

"ఆవిడా అండీ?" నర్సు గొంతు హుషారుగా ఉంది. "మాత్రలు ఇంట్లోనే వేసుకోమని ఇవాళ పొద్దున్నే పంపించేశాం. నాలుగు నెలలయింది కదా వచ్చి. వార్డు వార్డంతా గేటు దాకా వెళ్ళి సాగనంపాం. ఈపాటికి ఇంటికి చేరే ఉంటారు. నంబరు రాసుకోండి."

గొట్టాలమ్మ రాసుకుంది. డాక్టరమ్మ ఆ అంకెలు నొక్కింది. తమ్ముడికి చెయ్యాల్సిన ఫోను గొట్టాలమ్మ చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద బోర్లించి పెట్టేసింది. వాడు ఒక్క పూట ఆగగలడు.

ఆరో మోతకి ఎత్తారు. వెనక బోలెడు సందడి. ఎవరో నవ్వుతున్నారు, ఎవరో కుర్చీ లాగుతున్నారు.

"హలో! ఎవరూ? పెద్ద డాక్టరమ్మగారా!" ఆవిడ గొంతులో ఊపిరి ఆడనంత సంతోషం. "నూరేళ్ళు మీకు, ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నాం. ఇల్లు చేరానండీ, ఇంకా గుమ్మంలోనే ఉన్నా, చెప్పులైనా విప్పలేదు. నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు పుట్టింది మనవరాలు. ఇదిగో తెస్తున్నారు. ఒక్క నిమిషం ఉండండి, ముందు దీన్ని ఎత్తుకుని తర్వాత మాట్లాడతా..."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

"అమ్మా, ఆగండి! ఎత్తుకోకండి. వైద్యం ఉంది, మీకూ సరిపడే వైద్యం ఉంది. కానీ ఎత్తుకోకండి. అమ్మా, వినబడుతోందా?"

అటువైపు నవ్వులు ఆగిపోయాయి. కుర్చీ చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క పసిపాప గొంతు మాత్రం, ఫోనుకి చాలా దగ్గరగా వినిపించింది.